సలహాకి వేసిన కుర్చీ

ఈ ఉదయం మా వంటింట్లో ఆ కుర్చీ కిర్రుమంది. భోజనాల బల్ల చుట్టూ ఉన్న మిగతా కుర్చీల కాళ్ళకి మెత్తటి ఫెల్టు ముక్కలు అంటించాను. వాటిని లాగినా సంగతి తెలియదు. ఈ ఒక్కదానికి అంటించలేదు, అంటించను కూడా. ముదురు గోధుమరంగు చెక్క, వీపు నిటారు, పక్కనున్న తెల్ల కుర్చీలతో ఏ కోశానా కలవదు. వచ్చినవాళ్ళంతా "ఇదేంటండీ, దీని సెట్ ఏది?" అంటారు. దీని సెట్ చెల్లాచెదురైపోయిందని చెబుతాను. ఈ ఉదయం దాన్ని లాగింది మా అమ్మాయి మేఘన. లాగి, "అమ్మా, కూర్చో. నీకొకటి చెప్పాలి" అంది. పదిహేడేళ్ళ పిల్ల పొద్దున్నే తల్లికి కుర్చీ వేసిందంటే శుభవార్త ఉంటుందా? అదేం చెప్పిందో తరవాత రాస్తాను. ముందు ఈ కుర్చీ ఎవరిదో చెప్పాలి. ఆవిడ మీకు తెలియదు, ఇక తెలిసే వీలూ లేదు. ఆవిడ తెలియకపోతే నేను ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నానో మీకు అర్థం కాదు.

ఆవిడ పేరు వసుంధర గారు. ఒంగోలులో జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేవారు. భర్త ఉద్యోగం వెంట అమెరికాలో నోవై అనే ఊరికి వచ్చారు, ఆయన పోయాక కూడా అక్కడే ఉండిపోయారు. పగలు ఊరి లైబ్రరీలో పని. నేను ఎమ్మెస్ చదవడానికి వచ్చినప్పుడు వాళ్ళ ఇంటి కింద గదిలో అద్దెకి దిగాను. మొదటిసారి ఆవిడని చూసినప్పుడే నోరెళ్ళబెట్టాను. మోకాలి లోతు మంచులో, నేత చీర మీద చనిపోయిన భర్త ఓవర్‌కోటు, చీర కుచ్చిళ్ళ కింద ఇంతలేసి మంచు బూట్లు, చేతిలో పార! డ్రైవ్‌వేలో మంచు తోడుతూ నన్ను చూసి, "నువ్వేనా పద్మవి? చలికి తట్టుకోలేవు, లోపలికి పో. లేదూ, సాయం చేస్తానంటే ఇంకో పార గరాజ్‌లో ఉంది" అన్నారు. పొమ్మన్నారో, పార తెమ్మన్నారో నాకు అర్థం కాలేదు. తరవాత తెలిసింది, అది ఆవిడ పద్ధతి. రెండూ చెప్పి ఊరుకుంటారు. ఏం చెయ్యాలో ఎదుటివాళ్ళే తేల్చుకోవాలి. ఆ రోజు పారే తెచ్చుకున్నాను, నడుం పడిపోయింది.

శనివారాలు ఆవిడ భోజనాల గదిలో ఒక క్లాసు జరిగేది. పిల్లల దగ్గర ఉంటూ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి తయారయ్యే పెద్దవాళ్ళు వచ్చేవాళ్ళు. నిటారు వీపులున్న ఈ గోధుమరంగు కుర్చీల్లో కూర్చుని, ప్రశ్నలకి జవాబులు బట్టీపట్టేవాళ్ళు. నేను వంటింట్లోంచి టీ అందిస్తూ వినేదాన్ని. అందులో సుబ్బారావు గారని రిటైరైన తహసీల్దారు ఒకాయన ఉండేవారు. ఆయనకి తెలియని పరిపాలన లేదని ఆయన నమ్మకం. ఒకరోజు వసుంధర గారు అడిగారు.

"ప్రెసిడెంట్ గారి క్యాబినెట్ ఏం చేస్తుంది?"

"ఏం చేస్తుందేమిటమ్మా, దేశాన్ని పాలిస్తుంది" అన్నారాయన, ఇంత చిన్న ప్రశ్నా అన్నట్టు.

"తప్పు. సలహా ఇస్తుంది. అడ్వైజెస్ ద ప్రెసిడెంట్. అంతే."

"అంతేనా?" సుబ్బారావు గారు టీ కప్పు కింద పెట్టేశారు. "మంత్రివర్గాన్ని పట్టుకుని మరీ అంత మాటంటారేం? మరి ఈ సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనేవాడు ఎవరు? మంత్రిగారి పేషీలో ఫైళ్ళు చూసే సెక్రటరీయే కదా?"

"ఆయనే మంత్రి. ఇక్కడ మంత్రినే సెక్రటరీ అంటారు."

"ఓరి నాయనో! మంత్రి సెక్రటరీ అయితే, మరి సెక్రటరీని ఏమని పిలుస్తారండీ?"

గదంతా ఘొల్లుమంది. వసుంధర గారు కూడా నవ్వి, ఆ తరవాత చెప్పిన మాటలు నేను వంటింటి గడపలో ట్రే పట్టుకుని నిలబడి విన్నాను. "మన దేశంలో రాష్ట్రపతికి మంత్రివర్గం ఇచ్చేదాన్నీ సలహా అనే అంటాం. ఆయన ఒకసారి వెనక్కి పంపి, మళ్ళీ ఆలోచించండి అనొచ్చు. మళ్ళీ అదే వచ్చిందా, సంతకం పెట్టి తీరాలి. ఇక్కడా సలహా అనే అంటారు. కానీ క్యాబినెట్ మొత్తం ఒక్కమాట మీద నిలబడినా, ప్రెసిడెంట్ 'విన్నాను, వద్దు' అనొచ్చు. మాట ఒకటే. అక్కడ అది మెడకి పలుపు, ఇక్కడ చెవిన పడ్డ మాట." సుబ్బారావు గారు ఊరుకోలేదు. "మరి తప్పు జరిగితేనో?" అన్నారు. "జరిగితే తప్పు ఆయనదే. మావాళ్ళు చెప్పారండీ అని తప్పించుకోడానికి లేదు. ఇంకో సంగతి. ఇక్కడి రాజ్యాంగంలో క్యాబినెట్ అన్న మాటే లేదు. శాఖల పెద్దల అభిప్రాయం ప్రెసిడెంట్ అడగవచ్చు అని మాత్రం ఉంది. అంటే ఏమిటి? అడిగితేనే చెప్పాలి." ఈ ముక్క దగ్గర గదిలో అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అడక్కుండా సలహా ఇవ్వని తెలుగువాడు ఇంతవరకు పుట్టాడా? ఆ రోజు టీలో చక్కెర తక్కువైందని నాకు అక్కడే ముగ్గురు సలహా ఇచ్చారు.

ఆ క్లాసులోనే కుర్చీల సంగతీ విన్నాను. క్యాబినెట్‌లో ఒక్కొక్కరికీ పేరు చెక్కిన పలకతో ఒక కుర్చీ ఉంటుందట. పదవి దిగిపోయేటప్పుడు ఆ కుర్చీని కొని ఇంటికి పట్టుకుపోవడం ఆనవాయితీ అట. "చెప్పిన సలహా విన్నారో లేదో గానీ, కుర్చీ మాత్రం దక్కుతుంది" అని వసుంధర గారు పకపకా నవ్వేవారు. తన బల్లకి తనే ఒక నియమం పెట్టుకున్నారు. ఆ కుర్చీల్లో కూర్చుని ఎవరు ఏమైనా చెప్పొచ్చు. లేచి నిలబడి చెప్పకూడదు. "కూర్చుని చెప్పేది సలహా. నిలబడ్డావంటే అది ఆజ్ఞ" అనేవారు. వాదనలో ఎవరైనా లేవబోతే వేలు కిందికి చూపించేవారు, తహసీల్దారు గారైనా చచ్చినట్టు కూర్చునేవారు.

నా చదువు పూర్తయ్యేసరికి ఆ నియమం నా మెడకే చుట్టుకుంది. రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి జెర్సీ సిటీలో కన్సల్టింగ్ కంపెనీ, ఉద్యోగానికి కావలసిన హెచ్-వన్ వీసాకి వెంటనే ఫైల్ చేస్తామన్నారు, పని ఏమిటో మాత్రం చెప్పరు. రెండోది నోవైలోనే, కార్ల సీట్లు తయారుచేసే చోట, నేను చదివిన చదువుకి సరిపోయే పని. వీసా సంగతి మాత్రం తరవాత చూద్దామన్నారు. నాన్న ఒకటి చెప్పాడు, ఫ్రెండ్స్ ఇంకొకటి చెప్పారు, నాకు నిద్ర లేదు. చివరికి వసుంధర గారి దగ్గరికి వెళ్ళి, "ఆంటీ, మీరేం చెబితే అది చేస్తాను" అన్నాను. అంత భక్తిగా అంటే ఎవరైనా మురిసిపోతారు కదా! ఆవిడ మొహం ఎర్రబడింది.

"నీకు కావాల్సింది సలహానా, నిర్ణయమా?"

"ఏదో ఒకటి చెప్పండి ఆంటీ, ప్లీజ్."

"ఏదో ఒకటి కాదు. సలహా అడుగు, చెబుతా. నిర్ణయం నా నెత్తిన పెట్టకు. రేపు చెడితే 'ఆంటీ చెప్పింది' అంటావు, బాగుపడితే నీ తెలివంటావు. నీ ఇంటికి ప్రెసిడెంట్‌వి నువ్వు. ఆ కుర్చీ నాకొద్దు."

చెంప చెళ్ళుమన్నట్టయింది. మా ఇంట్లో నన్ను అలా ఎవరూ వదిలేయలేదు. ఏ కాలేజీయో నాన్న చెప్పేవాడు, ఏ చీరో అమ్మ చెప్పేది. ఆ సాయంత్రం కింద గదిలో కోపంతో ఏడ్చాను. ఏడ్చి, నోవై ఉద్యోగానికి ఊఁ అన్నాను. మొదటి ఏడాది వీసా లాటరీలో పేరు రాలేదు, ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఇంకో ఏడాది నెట్టుకొచ్చాను. తిట్టుకోడానికి ఎవరూ దొరకలేదు. అప్పుడు అర్థమైంది, తిట్టుకోడానికి ఒక మనిషిని ఉంచుకోవడం కోసమే మనం సగం సలహాలు అడుగుతామని. తరవాత వీసా వచ్చింది, పెళ్ళయింది, మేఘన పుట్టింది. ఇల్లు ఆవిడ ఇంటికి దగ్గర్లోనే తీసుకున్నాం.

ఇక అసలు సంగతి. వసుంధర గారికి ఒకడే తమ్ముడు, మురళి గారు. జెర్సీ సిటీలో ఉంటారు, రోజూ ట్రైన్‌లో మన్‌హాటన్ వెళ్ళి పనిచేసేవారు. అక్క అంటే పంచప్రాణాలు. ఆయనకి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. డయాలిసిస్ మీద పడ్డారు. దాత దొరికేవరకు లిస్టులో పేరు పెట్టుకుని ఎదురుచూడాలి, లేదా సొంతవాళ్ళెవరైనా ఇవ్వాలి. భార్యకి షుగరు, ఆవిడ పనికిరాదన్నారు. బంధువులు కొందరు టెస్టులకి వెళ్ళారు. ఎవరికీ కుదరలేదు. ఆయన బావమరిది ప్రసాద్ గారని, మా నోవైలోనే ఉంటారు, ఆయన కూడా వెళ్ళి వచ్చారు. "సరిపోరన్నారమ్మా, నా ఖర్మ" అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని బాధపడ్డారు. ఆఖరున వసుంధర గారు టెస్టులు చేయించుకున్నారు. అన్నీ సరిపోయాయి. ఆ వార్త తెలిసినరోజు మేం స్వీట్లు పంచుకున్నాం. గుళ్ళో ప్రసాద్ గారు నా ఎదురుగానే దేవుడికి సాష్టాంగపడ్డారు. తోడబుట్టిన అక్క, కిడ్నీ సరిపోయింది, ఇంకేం కావాలి? అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆవిడకి తట్టింది. ఒక శనివారం ఉదయం, బయట మంచు దట్టంగా పడుతుంటే, మమ్మల్ని పిలిచారు. "క్యాబినెట్ మీటింగ్ ఉంది, రా" అని నాకు ఫోన్. నవ్వుకుంటూ వెళ్ళాను. ప్రసాద్ గారు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఇంకో కుర్చీలో లాప్‌టాప్, అందులో ఆవిడ కూతురు నీలిమ, శాన్ రామన్ నుంచి. వసుంధర గారు ఉప్మా వడ్డించి, "నేను కిడ్నీ ఇవ్వాలా వద్దా, ఒక్కొక్కరూ మీ అభిప్రాయం చెప్పండి" అన్నారు.

"ఇందులో అభిప్రాయం ఏముంది వదినగారూ? ఇవ్వాలి" అన్నారు ప్రసాద్ గారు.

నీలిమ అమెరికాలో పుట్టిన పిల్ల, దాని తెలుగు దానిది. "అమ్మా, మామయ్య నీకు ఓన్లీ బ్రదర్. ఇచ్చెయ్. నేను ఫ్లై చేసి వస్తా, నిన్ను టేక్ కేర్ చేస్తా" అంది.

నా వంతు వచ్చింది. "ఒక్క కిడ్నీతో హాయిగా బతికేవాళ్ళు ఎంతమందో ఉన్నారట ఆంటీ. భయం లేదు, ఇచ్చెయ్యండి" అన్నాను.

ఆవిడ అందరి మాటా శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు కూడా అడిగారు. ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పెట్టి, "విన్నాను. నేను ఇవ్వడం లేదు" అన్నారు.

నేను సరిగ్గా విన్నానా అని అనుమానం వచ్చింది. లాప్‌టాప్‌లో నీలిమ "వాట్?" అని అరిచింది. ప్రసాద్ గారు కుర్చీ వెనక్కి తన్నేసి లేచారు. అది నేలమీద కిర్రుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అందరం ఒకటే మాట చెప్పాం కదా!"

"చెప్పారు. కూర్చోండి ప్రసాద్ గారూ."

"కూర్చోను! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! ఇవ్వనిదానికి మమ్మల్ని పిలిచి ఉప్మా పెట్టడం దేనికి?"

"వినడానికి. విని నా మనసు మారుతుందేమో చూసుకోడానికి. మారలేదు. మీరంతా ఒకటైతే సంతకం పెట్టెయ్యడానికి నేను ఢిల్లీ రాష్ట్రపతిని కానండీ. ఈ మాట మురళికి నేనే చెప్పాలి. అంతవరకు ఎవరూ చెప్పొద్దు."

ప్రసాద్ గారు విసురుగా వెళ్ళిపోయారు. మనసు మారుతుందేమోనన్న ఆశతో కాబోలు, నోరు మాత్రం విప్పలేదు. నేను వంటింట్లో ప్లేట్లు కడుగుతూ, ఉండబట్టలేక అడిగేశాను. ఎందుకు ఆంటీ, అని. ఏదో పెద్ద కారణం ఉంటుందనుకున్నాను. నీలిమ కోసమనో, ఎప్పటిదో తమ్ముడితో గొడవనో, డాక్టరు ఏదో రహస్యం చెప్పాడనో. ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "భయం పద్మా. నన్ను కోస్తారంటే నాకు భయం. మిగిలినన్నాళ్ళు నా ఒంటితో నేను ఉండాలని ఉంది. ఇంకేం లేదు" అన్నారు. నిజంగా చెబుతున్నాను, నాకు ఆ క్షణంలో ఆవిడమీద అసహ్యం లాంటిది కలిగింది. మంచులో పార పట్టుకుని ఒంటరిగా బతికిన మనిషికి భయమా? అది చాలదనిపించింది. తమ్ముడి ప్రాణం ముందు భయం ఒక కారణమేనా?

సోమవారం ఆవిడని హాస్పిటల్‌కి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. ఇచ్చేవాళ్ళ తరఫున మాట్లాడ్డానికి అక్కడ ఒక మనిషి ఉంటుంది. ఆవిడతో ఒంటరిగా మాట్లాడి, వసుంధర గారు తిరిగొచ్చి కార్‌లో కూర్చున్నారు. నేను ఇంజిన్ స్టార్ట్ చేస్తుంటే, "ఒక్క నిమిషం ఆపు" అన్నారు.

"ఏమన్నారు ఆంటీ?"

"చాలా మంచి మనిషి. మీకిష్టం లేకపోతే కారణం మేం ఎవరికీ చెప్పం, మీ తమ్ముడికి 'ఆవిడ సరిపోరు' అని మాత్రం చెబుతాం, అంది. ఎవరు వద్దన్నా అలాగే చెబుతారట. ఇవ్వనన్నవాళ్ళని ఇంట్లోవాళ్ళు పీక్కుతినకుండా."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అమ్మయ్య! ఇంకేం ఆంటీ, బతికిపోయాం! ప్రసాద్ గారి నోరు నేను మూయిస్తా. మనసు మార్చుకుని ఇస్తానన్నారట, తీరా ఆఖరి టెస్టులో కుదరలేదట అని చెబుదాం. ఎవరికీ ఏ బాధా లేదు."

"వద్దన్నాను. నేనే చెబుతానన్నాను."

"అయ్యో! ఎందుకండీ? మీకేమన్నా పిచ్చా?" అరిచేశాను. ఆవిడతో నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. "అందరిలో చెడ్డవడం తప్ప మీకు ఒరిగేదేమిటి?"

"నిర్ణయం నాదైనప్పుడు హాస్పిటల్ చాటున దాక్కుంటే ఎలాగే? వాడికి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియకుండా చెయ్యనా?"

అని ఫోన్ తీశారు. ఆ పార్కింగ్ లాట్‌లోనే, నా పక్క సీట్లో కూర్చునే, తమ్ముడికి చేశారు. వణికే చేత్తో చెవి దగ్గర పెట్టుకోలేక, ఒళ్ళో పెట్టుకుని స్పీకర్ నొక్కారు. కారు దిగిపోదామనుకున్నాను, దిగలేదు.

"మురళీ, నేను సరిపోతానురా. నేనే ఇవ్వను."

ఫోన్ మీదకి ఇంకాస్త వంగారు.

"నాకు భయంగా ఉందిరా. ఎవరూ వద్దనలేదు, అందరూ ఇమ్మనే అన్నారు. వద్దనుకున్నది నేనే. నువ్వు తిట్టినా పడతా."

మురళి గారి గొంతు వచ్చింది. "సరే అక్కా." అంతే, పెట్టేశారు. ఒక మనిషి ఇంకొక మనిషికి అంత సూటిగా 'లేదు' చెప్పడం నేను అంతకుముందు వినలేదు, తరవాతా వినలేదు.

ఆ తరవాత జరిగింది మీరు ఊహించుకోగలరు. తెలుగువాళ్ళం కదా. ఒక్క వారంలో నోవై అంతా తెలిసిపోయింది. గుడిలో ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు సర్దుకుని అవతలికి జరిగారు. "తోడబుట్టినవాడికే పెట్టనిది..." అని ఒకావిడ వినపడేట్టే అంది. శనివారం క్లాసుకి ఒక్కొక్కరే మానేశారు. ఆఖరికి, సిటిజన్‌షిప్ ఎప్పుడో వచ్చేసినా క్లాసు మానని సుబ్బారావు గారు ఒక్కరే మిగిలారు. "నేను సివిక్స్ కోసం వస్తున్నానమ్మా, కిడ్నీల కోసం కాదు" అని కూర్చునేవారాయన. ఆయన్ని ఆ ఒక్క మాటకి నేను ఎప్పటికీ మరిచిపోను. వసుంధర గారు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. ప్రతి ఆదివారం తమ్ముడికి ఫోన్ చేసేవారు, ఆయన ఎత్తేవారు కాదు. "ఎత్తకపోవడం వాడి ఇష్టం. చెయ్యడం నా ఇష్టం" అని మళ్ళీ ఆదివారం చేసేవారు. ఒకరోజు ఫోన్ పెట్టేసి కన్నీళ్ళు పెట్టుకోవడం చూశాను. పశ్చాత్తాపమా అని అడిగాను. "బాధ. బాధ వేరు, పశ్చాత్తాపం వేరు" అన్నారు. రెండేళ్ళకి మురళి గారికి లిస్టులోంచి కిడ్నీ దొరికింది. ఆ వార్త ప్రసాద్ గారు ఊరంతా చెప్పారు, ఆవిడకి తప్ప. నేను పరిగెత్తుకెళ్ళి చెబితే, గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయారు. ఫోన్ మాత్రం అప్పుడూ ఆయన ఎత్తలేదు.

మోకాళ్ళు సహకరించక ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి శాన్ రామన్ వెళ్ళిపోయేరోజు, ఆవిడ ఈ కుర్చీని మా ఇంటికి పంపారు. "క్యాబినెట్ రద్దయింది, నీ కుర్చీ నువ్వు పట్టుకుపో" అని నవ్వారు. అప్పటికీ ఆవిడ చేసింది ఒప్పని నేను అనుకోలేదు. ఆవిడ అడగలేదు గనక నేనూ చెప్పలేదు.

నిరుడు ఆవిడ పోయారు. నిద్రలోనే పోయారని నీలిమ ఫోన్ చేసి ఏడ్చింది. సంస్మరణ సభకి నేను వెళ్ళాను. వాళ్ళ ఇంటి వెనకాల వేసిన కుర్చీల్లో ఓ ముప్ఫై మంది ఉన్నాం. ముందు వరసలో ప్రసాద్ గారు తెల్లచొక్కా వేసుకుని పెద్దమనిషిలా కూర్చున్నారు. నలుగురు నాలుగు మంచి మాటలు చెప్పారు, కిడ్నీ సంగతి దాటేసి. అప్పుడు మురళి గారు లేచారు. ఆయన వస్తారనే నేను అనుకోలేదు. సన్నబడ్డారు, జుట్టు తెల్లబడింది. మైకు అక్కర్లేదని చేత్తో పక్కకి జరిపారు.

"నాకోసం టెస్టులకి వెళ్ళినవాళ్ళు మా బంధువుల్లో చాలామంది ఉన్నారు. అందరికీ ఒకటే జవాబు వచ్చింది, సరిపోరని. ఈమధ్య నేను చూపించుకునే హాస్పిటల్‌లో ఒకావిడ మాటల్లో చెప్పింది. ఇవ్వడం ఇష్టంలేక వెనక్కి తగ్గినవాళ్ళకి కూడా అదే జవాబు చెబుతారట. వాళ్ళ పేరు చెడకుండా. అంటే, నిజంగా సరిపోనిది ఎవరో, ఇష్టం లేనిది ఎవరో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. ఎవరినీ అడగను కూడా. మా అక్క సంగతి ఒక్కటే నాకు తెలుసు. నేను సరిపోతాను, నేనే ఇవ్వను, అంది. ఇన్నేళ్ళూ నేను మాట్లాడకుండా ఉన్నది, నాతో నిజం చెప్పిన ఆ ఒక్క మనిషితోనే."

ముందు వరసలో ఎవరూ తల ఎత్తలేదు. ప్రసాద్ గారు తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నారు. ఆయన నిజంగానే సరిపోకపోయి ఉండవచ్చు. అందులో కూర్చున్న ప్రతివాళ్ళూ నిజంగానే సరిపోకపోయి ఉండవచ్చు. కానీ ఇక ఎవరు ప్రమాణం చేసి చెప్పినా నమ్మడానికి వీల్లేదు. అంతటి చాటు తనకీ దొరికితే, వద్దని పార్కింగ్ లాట్‌లో వణుకుతూ ఫోన్ తీసిన మనిషిని నేను పిచ్చా అని అడిగాను. ఆవిడ ఇవ్వాల్సిందా, వద్దా? నాకు ఇప్పటికీ తెలియదు. ఇచ్చి ఉంటే బాగుండేదనే ఈరోజుకీ అనిపిస్తుంది. కానీ ఆవిడ తమ్ముడికి ఇచ్చినది ఏమీ లేదని మాత్రం ఇక అనలేను.

మళ్ళీ ఈ ఉదయానికి వస్తాను. మేఘనకి పెద్ద యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటు కోసం మేం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాం. వారం నుంచి పిల్ల మాటా పలుకూ లేదు. రాలేదేమోనని నేనూ మా ఆయనా గుసగుసలాడుకుంటున్నాం. కుర్చీ కిర్రుమంది, కూర్చున్నాను.

"అమ్మా, సీటు వచ్చింది."

"బంగారు తల్లీ!" అని లేవబోయాను.

"కూర్చో. వచ్చింది, నేనే వద్దన్నాను. నిన్న డిక్లైన్ చేశాను. మన ఊళ్ళోనే, కమ్యూనిటీ కాలేజ్‌లో రెండేళ్ళ నర్సింగ్ చేస్తా."

నెత్తిన పిడుగు పడింది. ఇన్నేళ్ళ ట్యూషన్లు, మా ఆయన కలలు, ఊళ్ళో అందరికీ చెప్పుకున్న గొప్పలు, అన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చాయి. నీకేమన్నా పిచ్చా అన్న మాట నాలుక చివర ఉంది. అప్పుడు దాని చెయ్యి కనిపించింది. కౌంటర్ అంచుని గట్టిగా పట్టుకుని ఉంది, అయినా వణుకుతోంది. రాలేదని చెప్పి ఉంటే నాకు తెలిసేదే కాదు. నాలుగు రోజులు యూనివర్సిటీని తిట్టి, దాని తల నిమిరి, ఊరుకునేదాన్ని.

అడిగాను. "సలహా అడుగుతున్నావా, నిర్ణయం చెబుతున్నావా?"

"చెప్తున్నా" అంది. ఆగి, "నీ సలహా కూడా వింటా" అంది.

నాకు కోపం వచ్చింది, ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.